పదమూడేళ్ల అమ్మాయి, ఐదేళ్ల తెలుగు

విమానంలో పెట్టెకి 23 కిలోలు. ఈసారి అమ్మ మా దగ్గరికి వచ్చేటప్పుడు అందులో తొమ్మిది కిలోలు పుస్తకాలే. జాబితా నాదే. రెండు నెలల ముందు నుంచీ కూర్చుని, తెలిసినవాళ్లనీ తెలియనివాళ్లనీ అడిగి, పిల్లల కోసం కొత్తగా వచ్చిన తెలుగు పుస్తకాల పేర్లన్నీ రాసి పంపాను. వాటికి చోటు చాలక అమ్మ తన బట్టలు కొన్ని తీసేసి వచ్చిందట.

పెట్టె విప్పిన రోజు పిల్లలిద్దరూ సంబరపడ్డారు. పుస్తకాలు చూసి కాదు, పెట్టె చూసి. ఖాళీ అవగానే మావాడు అందులో ఎక్కి కూర్చున్నాడు. మా పెద్దమ్మాయి ఒక పుస్తకం తీసి, అట్ట మీద గొడుగు పట్టుకున్న ఏనుగు పిల్లని కాసేపు చూసి, "నాన్నా, ఇది నాకా, తమ్ముడికా?" అంది. "నీకే" అన్నాను. తనకి పదమూడేళ్లు. పుస్తకాన్ని తీసిన చోటే పెట్టేసి తన గదిలోకి వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నా తప్పేంటో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. మా అమ్మాయికి రెండు వయసులున్నాయి. ఇంగ్లీషు చదివేటప్పుడు పదమూడు. తెలుగు చదివేటప్పుడు ఐదు, మహా అయితే ఆరు. అక్షరాలు కూడబలుక్కుంటుంది, ఒత్తు కనబడితే ఆగుతుంది, పేజీ పూర్తయ్యేసరికి మొదటి వాక్యం మర్చిపోతుంది. కానీ బుర్ర మటుకు ఒకటే. అది పదమూడేళ్ల బుర్రే. నేను తన తెలుగు వయసు చూసి పుస్తకం కొన్నాను. తను అసలు వయసుతో ఆ పుస్తకాన్ని చూసింది. అందులో తనకి కనిపించింది ఏనుగు పిల్ల కాదు, "నువ్వింకా చిన్నపిల్లవే" అంటున్న నాన్న.

చదవడానికి తేలిగ్గా ఉండాలి, విషయం మాత్రం వయసుకి తగ్గట్టుండాలి అనుకునే పాఠకుల కోసం ఇంగ్లీషులో విడిగా పుస్తకాలు వేస్తారు. ఎడిన్‌బరోలో 1998లో మొదలైన బారింగ్టన్ స్టోక్ అనే సంస్థ పని అచ్చంగా ఇదే. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది ఉన్న పిల్లల్నీ, చదవడమంటే ముఖం తిప్పుకునే పిల్లల్నీ దృష్టిలో పెట్టుకుని పల్చటి పుస్తకాలు, పొట్టి అధ్యాయాలు, కళ్లకి గుచ్చుకోని లేత రంగు కాగితం వాడతారు. కథలు మాత్రం పెద్దపిల్లలవే, వాటిలో భయాలు, స్నేహాలు, మోసాలు అన్నీ ఉంటాయి. ప్రవాసంలో తెలుగు చదివే పిల్లలకి సరిగ్గా ఇలాంటివే కావాలి. ఒత్తులు తక్కువున్న వాక్యాలతో ఒక హత్య కథ. నవ్వకండి, మా అమ్మాయి అడిగింది అదే. నాకు దొరకలేదు. తేలిక తెలుగంటే ఏనుగు పిల్లలూ, కుందేళ్లూ, బుద్ధి తెచ్చుకునే కోతులూ.

మావాడి సంగతి ఇంకో రకం. వాడికి ఏడేళ్లు, తెలుగు గడగడా చదువుతాడు. నేనే నేర్పాను కాబట్టి కాస్త గర్వం కూడా. ఒక రాజు కథ పేజీ మొత్తం ఆగకుండా చదివితే వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను. దండాలూ చప్పట్లూ వచ్చి పడుతున్నాయి. పక్కనే కూర్చున్న మా అమ్మ, "మరి ఆ రాజు అడవికెందుకు వెళ్లాడురా?" అని అడిగింది. వాడు తలెత్తి, "ఏ రాజు?" అన్నాడు.

తెలుగులో ఉన్న సుఖమూ అదే, తిప్పలూ అదే. రాసింది రాసినట్టే పలుకుతాం కాబట్టి గుణింతాలూ ఒత్తులూ వచ్చిన పిల్లవాడు దేన్నయినా పైకి చదివేస్తాడు. ఇంగ్లీషులో ఇలా మోసపోయే అవకాశం తక్కువ. అక్కడ తెలియని మాట నోటి దగ్గరే ఇరుక్కుంటుంది, మనకీ తెలిసిపోతుంది. తెలుగులో అర్థం కాకపోయినా నోరు ఆగదు. పైగా నేను కొన్న కథల్లో సగం "పలికెను", "ఏతెంచెను" భాషలో ఉన్నాయి. వాడికి ఇంట్లో విన్నదే తెలుగు. మా ఇంట్లో ఎవరూ ఏతెంచరు, వస్తారంతే.

ఆ రోజు నుంచీ కొనేముందు పుస్తకం మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచి పైకి చదువుకుంటున్నాను. ఇంట్లో మేం మాట్లాడుకునే మాటలా వినిపిస్తే తీసుకుంటాను. లేదంటే ఎంత మంచి బొమ్మలున్నా వదిలేస్తాను. కథలో గ్రంథాల భాష ఉండకూడదని కాదు. అది తర్వాత రావాలి, రుచి మరిగాక.

వాడి గురించి ఇంకో నిజం ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. వాడికి కథలంటే పడదు. రాజులు, రాక్షసులు, పక్కింటి పిల్లలు ఎవరైనా సరే, రెండో పేజీకి కిందికి జారిపోతాడు. కథలు నచ్చని పిల్లాడు చదవడం నచ్చని పిల్లాడే అనుకున్నాను. లైబ్రరీలో ఓ రోజు పురుగుల పుస్తకం ఒకటి పట్టుకుని నేల మీద పడుకుని గంట లేవలేదు. ఇంటికొచ్చి నేరుగా నానమ్మ దగ్గరికెళ్లి, "జెర్రికి హండ్రెడ్ కాళ్లు ఎప్పుడూ ఉండవు, తెలుసా?" అన్నాడు. నిజమే. జెర్రి కాళ్ల జతలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. 15 జతలు ఉండొచ్చు, 21 ఉండొచ్చు, 50 మాత్రం ఉండవు. మా అమ్మ, "మరి దాన్ని శతపాది అంటార్రా, శతం అంటే వంద" అంది. వాడు కాసేపు ఆలోచించి, "ఆ పేరు పెట్టినవాళ్లు కౌంట్ చెయ్యలేదు" అని తేల్చేశాడు. మూడేళ్ల కథల పుస్తకాలు తీసుకురాని సంస్కృత పదం ఒకటి ఇంట్లోకి అలా కాళ్లతో నడుచుకుంటూ వచ్చింది.

ఇప్పుడు వాడి అరలో కొత్తగా చేరినవి పురుగులు, క్రేన్లు, గ్రహాలు. అన్నీ ఇంగ్లీషువే. తెలుగులో వాడి అరకి చేరినవి రెండే. ఒకటి పొడుపు కథల పుస్తకం, రెండోది అక్షరం ముక్క లేని బొమ్మల పుస్తకం. ఈ మాటల్లేని పుస్తకాల గురించి మనవాళ్లు ఎక్కువగా మాట్లాడుకోరు. నా దృష్టిలో రెండు భాషల ఇంటికి ఇంతకన్నా అక్కరకొచ్చే వస్తువు లేదు. అది ఏ దేశంలో అచ్చయినా తెలుగు పుస్తకమే, తెలుగులో చెప్పుకుంటే. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచి కోస్తే పదహారు పేజీల కట్ట వస్తుంది, అలాంటివి రెండు కుడితే పుస్తకం. ముప్ఫై రెండు పేజీలే కదా, పది నిమిషాల్లో పడుకోబెట్టేద్దాం అనుకుని మొదలుపెడతాను. మాటలు వాడివే కాబట్టి పది నిమిషాల్లో నాలుగో పేజీ దాటం.

మళ్లీ మా అమ్మాయి దగ్గరికి. ఏనుగు పిల్ల పుస్తకంతో దెబ్బ తిన్నాక నేను ఇంకో దారి పట్టాను. రూడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1990లో పిల్లల పుస్తకాలని అద్దాలతోనూ కిటికీలతోనూ పోల్చింది. అద్దంలో పిల్లలు తమని తాము చూసుకుంటారు, కిటికీలోంచి ఇతరుల జీవితాన్ని చూస్తారు. ప్రవాస తల్లిదండ్రులు ఈ మాట వింటే చాలు, కళ్లు చెమర్చి అద్దాల కోసం పరిగెడతారు. నేనూ పరిగెత్తాను. వేరే దేశంలో పెరుగుతున్న భారతీయ అమ్మాయి కథానాయికగా కొత్తగా వచ్చిన ఇంగ్లీషు నవలలు వరసగా మూడు తెచ్చాను. మొదటిది చదివింది. రెండోది సగం చదివింది. మూడోది తెరవకుండానే నాకు తిరిగిచ్చింది.

"ఆ అమ్మాయి పేరు టీచర్ తప్పుగా పలుకుతుంది. ఆ అమ్మాయి ఏడుస్తుంది. లాస్ట్‌లో అందరూ కరెక్టుగా పలుకుతారు. నాన్నా, నా పేరు అందరూ బాగానే పలుకుతారు."

"అలాంటి కష్టాలు పడే పిల్లలున్నారు కదమ్మా."

"ఉన్నారు. వాళ్లకివ్వు."

నేను అద్దమని కొన్నది నిజానికి నా అద్దం. కొత్త దేశంలో అడుగుపెట్టిన మొదటి ఏడాది నేను పడ్డ బెంగ అందులో ఉంది, తను పడనిది. తను ఇక్కడే పుట్టింది. తనకి ఈ దేశం కొత్త కాదు, మన ఊరు కొత్త. చిత్రమేమిటంటే బిషప్ మూడో మాట కూడా చెప్పింది, దాన్ని అందరం వదిలేస్తాం: జరిపే గాజు తలుపు. తోసుకుని లోపలికెళ్లి ఆ కథలో తిరిగి రావచ్చు. మా అమ్మాయికి కావలసింది అదే. దొంగలు, రహస్య లిపులు, వెయ్యేళ్ల తర్వాత భూమి ఏమవుతుంది లాంటివి. కథానాయిక ఏ రంగులో ఉన్నా తనకి అక్కర్లేదు, తెలివిగా ఉంటే చాలు. ఇప్పుడు తనకి పుస్తకాలు నేను ఎంచడం మానేశాను. లైబ్రేరియన్‌కి అప్పగించాను. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "నువ్వు సగంలో వదిలేసిన పుస్తకం ఏది?" అని. నేను పదమూడేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

సగంలో వదిలేయడం మా ఇంట్లో నేరం. నేరంగా ఉండేది, అనాలి. డేనియల్ పెనాక్ అనే ఫ్రెంచి రచయిత 1992లో పాఠకుల హక్కులని పది రాశాడు. అసలు చదవకపోవడం మొదటి హక్కు, పేజీలు దాటేయడం రెండోది, ముగించకపోవడం మూడోది. పదోది చదివినదాని గురించి నోరు మెదపకుండా ఉండే హక్కు. మా అమ్మాయి పుస్తకం మూయగానే "కథేంటో చెప్పు" అని నేను కాపు కాసేవాణ్ణి, తెలుగులో చెప్పమని మరీ. అందుకే తను పుస్తకం మూయడం కూడా నా కంటబడకుండా చేసేది.

మా ఆవిడకి కారులో వినే నవలలు, దారంతా తనదే. ఈ మధ్య ఇల్లు చేరాక కూడా కారులోంచి దిగకుండా అధ్యాయం అయ్యేదాకా కూర్చుంటోంది. నా సంగతి అడక్కండి. నా మంచం పక్కన ఒక కవితల పుస్తకం ఉంది, కొత్తదే. అట్ట బావుంది.

ఇంతకీ ఆ తొమ్మిది కిలోలూ ఏమయ్యాయి? మా అమ్మ చదివేసింది. ఏనుగు పిల్లతో సహా, మూడు రోజుల్లో. నాలుగో రోజు పొద్దున పిల్లలు బడికి, మేం పనికి వెళ్లిపోయాక ఆవిడకి చదవడానికి ఏమీ మిగల్లేదు. నేను చేసిన జాబితాలో పిల్లల వయసులున్నాయి, వాళ్ల అభిరుచులని నేననుకున్నవి ఉన్నాయి. ఆర్నెల్లు ఉండబోయే మనిషి, మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివే మనిషి, ఆవిడ పేరు లేదు. తన పెట్టెలో తన పుస్తకం ఒక్కటీ తెచ్చుకోలేదు, పిల్లల పుస్తకాలకి చోటు సరిపోదని. అడిగితే, "కళ్లు కూడా అంతంతమాత్రమే కదరా" అంది. పెద్ద అక్షరాల పుస్తకాలంటూ విడిగా ఉంటాయి, 16 పాయింట్లకి తగ్గకుండా అచ్చువేస్తారు. కానీ మా లైబ్రరీలో ఉన్నవన్నీ ఇంగ్లీషువే. చివరికి ఒక టాబ్లెట్ కొని అక్షరం పెద్దది చేసుకోవడం చూపించాను. ఇప్పుడది ఆవిడ చేతిలోంచి దిగడం లేదు.

ఆ టాబ్లెట్‌లోనే ఒక రోజు స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ తెరిచి ఇచ్చాను. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టింది. పిల్లల బొమ్మల పుస్తకాలు ఎన్నో భాషల్లో, తెలుగులో కూడా, ఉచితంగా చదువుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటాయి. నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ కథల్ని ఎవరైనా తమ భాషలోకి మార్చి అక్కడే పెట్టొచ్చు, అందుకు అనుమతి ముందే ఇచ్చేశారు. నేను ఇది మా అమ్మకి చెబుతుంటే మా అమ్మాయి చెవిన పడింది.

"అంటే ఎవరైనా చెయ్యొచ్చా? నేను కూడానా?"

మొదటి మెట్టు కథ, పేజీకి ఒక్క వాక్యం. చదవమంటే ముఖం చిట్లించే స్థాయి. కానీ అనువాదకురాలికి అది చిన్నపిల్లల పుస్తకం కాదట, ప్రాజెక్టట. వారం నుంచీ నానమ్మా మనవరాలూ రాత్రి భోజనాలయ్యాక ఒక కప్ప కథ ముందేసుకుని కూర్చుంటున్నారు. ఒకళ్లకి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇంకొకళ్లకి తెలుగు అంతంతమాత్రం. పన్నెండు వాక్యాలు. నిన్నటికి ఏడయ్యాయి.

ఎనిమిదో వాక్యం దగ్గర గొడవ. కప్ప ఎవరి టోపీనో నీళ్లలో పడేస్తుంది, దానికేమీ బాధ ఉండదు. మా అమ్మాయి "కప్పకి సారీగా లేదు" అని రాసింది. మా అమ్మ ఒప్పుకోలేదు.

"అలా అనం. కప్పకి చీమ కుట్టినట్టయినా లేదు, అని రాయి."

"నానమ్మా, కథలో చీమే లేదు!"

"కథలో లేకపోతే మాటలో ఉంటుందే."

"బొమ్మలో చూసుకుంటారు కదా. ఎక్కడా ఆంట్ అని అడుగుతారు."

"అడిగితే అడగనీ."

మావాడు పురుగుల పుస్తకం పక్కన పెట్టి వచ్చి తెర వైపు చూశాడు. చీమకి ఆరు కాళ్లే కాబట్టి తేలికట, ఎక్కడ పెట్టాలో చెబితే తను గీసిస్తానన్నాడు.