గట్టిగా చదవమ్మా

"గట్టిగా చదవమ్మా, వెనక వాళ్లకు వినబడటం లేదు!"

ఆ మాట అన్నది ఎవరో కాదు, ఎవరు గుసగుసలాడినా పేపరు చాటు నుంచే గదమాయించే పెద్దాయన. అదీ "నిశ్శబ్దం పాటించండి" బోర్డు కింద కూర్చుని!

ఒంగోలు గ్రంథాలయంలో ఈ రోజు వారోత్సవాల పఠన పోటీ. మా అమ్మాయి గొంతు కథ సగంలోనే బిగుసుకుపోయింది. ఆయన పేపరు మడిచి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అంతే, మిగతా కథంతా ఆయన ఒక్కరికే చదివి వినిపించింది. న్యాయనిర్ణేతల వైపు చూడనే లేదు. బహుమతీ రాలేదు. అడిగితే, "తాతయ్యకు నచ్చింది కదా!" అంది.

వచ్చేటప్పుడు రుసుము ఎంత అని అడిగాను. గ్రంథపాలకురాలు నవ్వి, "మీరు ఎప్పుడో కట్టేశారు" అన్నారు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నామట. ఏళ్ల తరబడి ఆ రసీదులు దాస్తున్నాను గానీ, ఒక్కసారీ చదివిన పాపాన పోలేదు.

నవంబర్ 20 వరకు రోజూ ఏదో ఒకటి ఉంది. రేపు చిత్రలేఖనం, రంగులు మనమే తెచ్చుకోవాలి. ఫ్యాను కింద కుర్చీ మాత్రం పెద్దాయనది, ముందే చెబుతున్నాను.