సాక్ష్యం కాగితం వెనక

నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి నా చొక్కా జేబులో ఉంది. అది నా సాక్ష్యం, అంటే దేవుడు నా జీవితంలో ఏం చేశాడో నలుగురి ముందు చెప్పే మాట. హిందీ మాటలు, తెలుగు అక్షరాల్లో. "ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దొరుకుతుంది, సిద్ధపడండి" అని మా చర్చి యూత్ లీడర్ అన్న నెల ముందే చెప్పాడు. సెమిస్టర్ పరీక్షలకు కూడా నేనంత చదవలేదు. బాత్రూంలో గొంతెత్తి ప్రాక్టీసు చేస్తుంటే మా చెల్లి బయటి నుంచి తలుపు కొట్టి "ఆమెన్" అనేది.

విశాఖపట్నంలో సాయంత్రం రైలెక్కాం, పదకొండు మందిమి. కలకత్తా వైపు ఆరు రోజుల మిషన్ ట్రిప్, చర్చి తరఫున సువార్త చెప్పడానికి. ప్లాట్‌ఫాం మీద మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుండగానే రైలు వచ్చేసింది. ఆమెన్ పెట్టెలు మోసుకుంటూ చెప్పాం. తెల్లవారుజామున ఖరగ్‌పూర్‌లో టీ అమ్మే పెద్దాయన "ఏ ఊరు బాబూ?" అని తెలుగులో అడిగాడు. రైల్వే పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయట. ఆ ఒక్క పలకరింపుతో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. బెంగాల్ అంటే ఇంతేగా అనుకున్నాను.

హౌరాలో దిగాక ఆ ధైర్యం పది నిమిషాలు కూడా నిలవలేదు. ఎవరికి వాళ్ళే పరుగు. నెత్తిన మూటలతో కూలీలు అరుస్తూ వస్తున్నారు, తప్పుకోమంటున్నారని వాళ్ళ మోచెయ్యి తగిలాక అర్థమైంది. మాలో ఇద్దరు మరో గేటు నుంచి బయటికి వెళ్ళిపోయారు. ఫోన్‌లో "బయట పసుపు టాక్సీ పక్కన ఉన్నాం" అంటారు. అక్కడున్నవన్నీ పసుపు టాక్సీలే.

సామాన్లు మా బస దగ్గర పడేసి మళ్ళీ స్టేషన్‌కే వచ్చి లోకల్ ట్రైన్ ఎక్కాం. మా యూత్ లీడర్ అన్న చదివింది బి.డి., పాస్టర్లు చదివే డిగ్రీ. మన దగ్గర బైబిలు కాలేజీల్లో చదివేవాళ్ళకు "సేరంపూర్ డిగ్రీ" అన్న మాట బాగా తెలుసు. ఆ సేరంపూర్ ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకే, ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా అని మొదటి రోజే పట్టుకెళ్ళాడు. నాకు పెద్దగా ఆసక్తి లేదు. పరిచర్యకు వచ్చి ఈ పాత బిల్డింగులు చూడటమేంటి అని లోపల సణుక్కుంటున్నాను.

ఊరు ప్రశాంతంగా ఉంది. గంగను ఇక్కడ హుగ్లీ అంటారు. ఒడ్డున లావాటి తెల్ల స్తంభాలతో కాలేజీ, అవతలి గట్టున బారక్‌పూర్. విలియం కేరీ, ఆయన తోటివాళ్ళు 1818లో పెట్టిన కాలేజీ అది. కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టిన మనిషి. 1793లో కలకత్తాలో దిగాడు. ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే పడదు. అందుకే 1800లో అప్పటికి డేనిష్ వాళ్ళ చేతిలో ఉన్న ఈ సేరంపూర్‌లో కాపురం పెట్టి, ప్రెస్సు పెట్టారు.

అన్న ఘాట్ మెట్ల మీద కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడిగాడు. "కేరీ వచ్చిన ఎన్నాళ్ళకి మొదటి బాప్తిస్మం జరిగిందో చెప్పండి?"

ఎవరో ఆరు నెలలన్నారు. నేను ఒక సంవత్సరం అన్నాను.

"ఏడేళ్ళు."

1800 డిసెంబరు 28న, కృష్ణపాల్ అనే వడ్రంగికి, ఈ నదిలోనే. ఆ ఏడేళ్ళలో కేరీకి ఐదేళ్ళ కొడుకు పీటర్ పోయాడు, భార్య డొరొతీకి మతి చలించింది. ఆ కృష్ణపాల్ కూడా ప్రసంగం విని రాలేదట. భుజం ఎముక జారితే జాన్ థామస్ అనే మిషనరీ డాక్టరు సరిచేశాడు, పరిచయం అలా మొదలైంది. నేను ఊరికే జేబు తడుముకున్నాను. మా ప్రోగ్రాం ఆరు రోజులు.

ఇంకో సంగతి విన్నాక మాత్రం నా సణుగుడు ఆగిపోయింది. మా విశాఖపట్నంలో లండన్ మిషన్ తరఫున డిగ్రాంజ్ అనే ఆయన, ఆనందరాయర్ అనే తెలుగాయనతో కలిసి సువార్తలను తెలుగులోకి తిప్పాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో అచ్చయింది ఇక్కడే. అదే ఏడాది మార్చిలో ప్రెస్సు తగలబడి ఎన్నో భాషల అచ్చు అక్షరాలు కరిగిపోయాయి. అయినా 1818కల్లా కేరీ తెలుగు కొత్త నిబంధన తెచ్చాడు. ఆ అనువాదం ఎక్కువ కాలం నిలవలేదు, తర్వాతివాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చేసుకున్నారు. కానీ మా ఊళ్ళో రాసిన కాగితాలు రెండు వందల ఏళ్ళ కింద, రైలే లేని రోజుల్లో, ఇంత దూరం వచ్చాయి. నేనేమో ఒక్క రాత్రి సైడ్ బెర్తులో పడుకుని నడుము నొప్పి అని మూలుగుతున్నాను.

తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. హౌరా నుంచి ఫెర్రీలో నది దాటాం. వంతెన నెత్తి మీద నుంచి పోతుంటే అందరి ఫోన్లూ పైకి లేచాయి. 1943 నుంచి నిలబడి ఉన్న ఇనుము, నట్లూ బోల్టులూ లేకుండా అంతా రివెట్లేనట. ఫోటోలు మాత్రం సరిగ్గా రాలేదు.

సాయంత్రం ఒక బస్తీ. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందు, చివర్లో రేకుల గది. అక్కడి చర్చివాళ్ళు పిల్లలకు రోజూ ట్యూషన్ చెబుతారు. మా ప్లాను ప్రకారం రెండు పాటలు, ఒక స్కిట్, తర్వాత నా సాక్ష్యం. ట్యూషన్ చెప్పే దీదీ మమ్మల్ని చూసి నవ్వి, హిందీలో చల్లగా చెప్పింది. రేపు బడిలో లెక్కల పరీక్ష, ఈరోజు పాటలూ అవీ వద్దు, తలా ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలు దిద్దితే చాలు.

ఉక్రోషం వచ్చింది. నెల రోజుల టెన్షన్ దీనికా? అయినా లెక్కలంటే భాషతో పని లేదు కదా అని సరిపెట్టుకుని ఎర్ర పెన్ను తీసుకున్నాను.

నా వంతుకు రెండు జడల పిల్ల, ఎనిమిదేళ్ళుంటాయి. నోటుబుక్కు నా ముందుకు తోసింది. మొదటి లెక్క ఎనిమిదీ మూడూ కలిపితే తొమ్మిది. తప్పు. రెండోది తొమ్మిదిలో ఎనిమిది తీసేస్తే మూడు. తప్పు. మూడోది తొమ్మిదిలో మూడు పోతే ఎనిమిది. పాపం, ఈ పిల్లకు అసలేమీ రాదు అనుకుంటూ మూడింటికీ ఇంటూ కొట్టాను.

పిల్ల ఒకసారి పుస్తకం వంక, ఒకసారి నా వంక చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నా పెన్ను లాక్కుని, నా ఇంటూల మీద ఇంటూలు కొట్టి "దీదీ!" అని కేక పెట్టింది.

దీదీ వచ్చి చూసి, నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. బెంగాలీ అంకెల్లో నాలుగు అచ్చం మన ఎనిమిదిలా ఉంటుంది. ఏడు చూడటానికి తొమ్మిదిలా ఉంటుంది. నాలుగూ మూడూ ఏడు. ఏడులో నాలుగు పోతే మూడు. ఏడులో మూడు పోతే నాలుగు. అన్నీ కరెక్టే.

ఈలోపు సంగతి గదంతా పాకింది. మా వాళ్ళూ వచ్చి చూశారు, వాళ్ళ నవ్వు ఇంకా ఎక్కువ. దీదీకి క్షమించమని హిందీలో చెప్పగలిగాను గానీ, ఆ పిల్లకు హిందీ అంతగా రాదు. చెవులు పట్టుకుని రెండు గుంజీళ్ళు తీశాను. అది మాత్రం వెంటనే అర్థమైంది.

తర్వాత ఆ పిల్ల నన్ను వదల్లేదు. కాగితం ఇమ్మని చెయ్యి చాపింది. జేబులో ఉన్నది ఒక్కటే కాగితం. మడతలు విప్పి, వెనక్కి తిప్పి ఇచ్చాను. ఒకటి నుంచి పది దాకా బెంగాలీ అంకెలు పెద్దపెద్దగా రాసింది. ఒక్కోదాని మీద వేలు పెట్టి తను పలకడం, నేను పలకడం. ఎక్, దుయ్, తీన్, చార్, పాఁచ్... "ఛొయ్" దగ్గర నా నోరు తిరగక నాలుగుసార్లు చెప్పించింది. వెళ్ళేటప్పుడు దీదీతో ఏదో చెప్పి పంపింది. రేపు చూడకుండా అప్పజెప్పాలట.

రాత్రి బసలో లైట్లు ఆపేశారు. దోమలు, పక్క మంచం మీద అన్న గురక. దుప్పటి కింద ఫోన్ లైటు వేసుకుని ఆ కాగితం చూస్తున్నాను. పదికి ఇంకా మూడు రావడం లేదు.