ఆ 4.4 ఎక్కడి నుంచి వచ్చింది?

ఎవరైనా సమిట్ కర్వ్, అంటే రోడ్డు మిట్ట ఎక్కి దిగేచోట ఇచ్చే వంపు, డిజైన్ చేసి చూపిస్తే నేను ముందు దాని పొడవు చూడను. ఫార్ములాలో కింద ఉన్న అంకె చూస్తాను. అక్కడ 4.4 కనిపిస్తే, అదెలా వచ్చిందని అడుగుతాను. ‘కోడ్‌లో ఉంది మేడమ్’ అంటారు చాలామంది. ఉన్నమాట నిజమే. కానీ అది డ్రైవర్ కన్ను ఎంత ఎత్తులో ఉంది, రోడ్డు మీద అడ్డు ఎంత ఎత్తుంది అన్న రెండు సంగతుల నుంచి పుట్టిన అంకె. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో కన్ను 1.2 మీటర్లు, అడ్డు 0.15 మీటర్లు. రెండింటినీ రెట్టింపు చేసి, వర్గమూలాలు తీసి, కూడి, ఆ మొత్తాన్ని వర్గం చేయండి. 4.4 వస్తుంది. ఒక్కసారైనా చేత్తో చేసి చూడాలి.

3 శాతం ఎక్కి, మిట్ట దాటాక 2 శాతం దిగే రోడ్డు తీసుకుందాం. ఎక్కుడు, దిగుడు కలిపి గ్రేడ్‌ల (వాలుల) తేడా 5 శాతం, అంటే 0.05. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఆపడానికి 120 మీటర్ల ముందుచూపు కావాలి. 120 వర్గాన్ని 0.05తో గుణించి 4.4తో భాగిస్తే 163.6 మీటర్లు. 165 పెట్టుకుంటాం. అమెరికా రోడ్డు అధికారుల సంఘం ఆష్టో పద్ధతిలో కన్ను 1.08, అడ్డు 0.60. ఆ 0.60 ముందు పోయే కారు వెనక లైటు ఎత్తు. అప్పుడు 4.4 కాస్తా 6.58 అవుతుంది, అదే మిట్టకు అదే 120 మీటర్ల చూపుకు 108 మీటర్ల కర్వ్ సరిపోతుంది! నేను మాత్రం 0.15నే పట్టుకుంటాను. రోడ్డు మీద పడిపోయిన మనిషికి వెనక లైటు ఉండదు.

ఈ ఫార్ములా కర్వ్ పొడవు చూపు దూరం కంటే తక్కువ కానప్పుడే చెల్లుతుంది. తక్కువైతే చూపు దూరాన్ని రెట్టింపు చేసి, అందులోంచి 4.4ను గ్రేడ్‌ల తేడాతో భాగించగా వచ్చింది తీసేయాలి. తేడా 1 శాతమే ఉంటే 240 లోంచి 440 పోయి మైనస్ 200 వస్తుంది. కొత్తవాళ్లకు అక్కడ టెన్షన్ మొదలవుతుంది. కంగారేం లేదు, చూపు కోసం కర్వ్ అక్కర్లేదని దాని అర్థం. అయినా బండి కుదుపు లేకుండా పోవాలి కాబట్టి 80 వేగానికి కనీసం 50 మీటర్లు ఇవ్వాలి.

నాకు ఎక్కువ సమయం పట్టేది వేగం దగ్గర. వేగం 100కు పెంచితే చూపు దూరం 180 అవుతుంది, పొడవు 368కి పోతుంది. వేగం పెరిగింది పావు వంతు, పొడవు రెండింతలు దాటింది. గ్రేడ్ లైన్లు కలిసే చోట రోడ్డు ఎంత కిందికి దిగుతుందో తెలియాలంటే తేడాని పొడవుతో గుణించి 8తో భాగించాలి. 80కి 1.03 మీటర్లు, 100కి 2.3 మీటర్లు. గట్టి రాయి ఉన్నచోట ఆ మీటరుంపావు అదనపు కటింగ్ (తవ్వకం) మొత్తం ఎస్టిమేట్‌నే మార్చేస్తుంది. పైగా అంత పొడవు కర్వ్‌లో శిఖరానికి అటూ ఇటూ 22 మీటర్ల వరకు వాలు 0.3 శాతం కూడా ఉండదు. అంచున కర్బ్ (చిన్న గట్టు) కట్టిన రోడ్డయితే నీళ్లు కదలవు.

వ్యాలీ కర్వ్‌లో, అంటే రోడ్డు పల్లంలోకి దిగి ఎక్కేచోట, రాత్రి హెడ్‌లైట్ ఎంత దూరం పడుతుందన్నదే లెక్క. లైటు ఎత్తు 0.75 మీటర్లు, వెలుగు 1 డిగ్రీ పైకి అనుకుంటే, అదే 0.05 తేడాకు, అదే 120 మీటర్లకు 126 మీటర్లు కావాలి. కుదుపు లేకుండా ఉండటానికైతే దాదాపు 61 చాలు. పెద్దదే తీసుకోవాలి.

రోడ్డు ఎత్తులు రాసిన లెవెల్స్ షీట్ సైట్‌కు పంపే ముందు ఒక్క పని చేయండి. మన 165 మీటర్ల కర్వ్‌లో మొదటి నుంచి 20 మీటర్లకోసారి ఎత్తు ఎంత మారిందో రాయండి: 53.9, 41.8, 29.7, 17.6, 5.5, మైనస్ 6.7 సెంటీమీటర్లు. ఒక్కో అంకె దాని ముందుదాని కంటే 12.1 చొప్పున తగ్గాలి. ఈ కర్వ్ ఆకారమైన పారాబోలాలో వాలు ఒకే రేటున మారుతుంది కాబట్టి ఇది తప్పదు. ఎక్కడైనా ఆ తేడా 12.1 దగ్గర లేదంటే ఆ చైనేజ్‌లో (మొదటి నుంచి అంత దూరంలో) లెవెల్ తప్పు పడినట్టే. శిఖరం నడిమధ్యన, 82.5 దగ్గర ఉందని కూడా అనుకోకండి. 3ని 5తో భాగించి 165తో గుణిస్తే 99 మీటర్ల దగ్గర, అంటే వాలు తక్కువున్న వైపు జరిగి ఉంటుంది. కర్బ్ పక్కన నీళ్లు రెండు వైపులా విడిపోయేది అక్కడే. నీళ్లు పోయే గల్లీలు (డ్రైన్ జాలీలు) ఎక్కడ పెట్టాలో ఆ 99 నుంచే లెక్క మొదలుపెట్టండి.