నిచ్చెన చూసి కొన్న బోటు

ఫ్లోరిడాలో మయామీ దగ్గర ఉంటూ ప్రతిసారీ ఎవరి బోటులోనో సీటుకు డబ్బు కట్టి, గాలి ట్యాంకుతో సముద్రం లోపలికి దిగే డైవింగ్‌కు వెళ్లడం నాకూ, నా ఇద్దరు స్నేహితులకూ విసుగెత్తింది. వారు ఆపిన చోటే దిగాలి, రమ్మన్నప్పుడే పైకి రావాలి. ముగ్గురం కలిసి 18 వేల డాలర్లలోపు పాత బోటు ఒకటి కొందామనుకున్నాం. డైవింగ్ వచ్చు గానీ, బోట్ల విషయంలో మాకు ఓనమాలు కూడా రావు.

మొదట చూసినది 19 అడుగుల బోటు. తళతళలాడుతోంది, ముందంతా మెత్తని సీట్లే. పెళ్లిచూపుల్లోనే తాంబూలాలు పుచ్చుకునేవాళ్లం. ఇంటికి వచ్చి లెక్క వేశాక కళ్లు తెరుచుకున్నాయి. 80 ఘనపుటడుగుల గాలి పట్టే అల్యూమినియం ట్యాంకు నింపితే సుమారు 17 కిలోలు. మనిషికి రెండేసి చొప్పున ఆరు ట్యాంకులకే వంద కిలోలు దాటాయి. ఆ సీట్ల మధ్య వాటిని నిలబెట్టే చోటే లేదు. పైగా ఇంజన్ లోపల, ప్రొపెల్లర్ బయట ఉండే రకం. మధ్యలోని రబ్బరు తొడుగు చిరిగితే ఉప్పునీరు లోపలికి వచ్చేస్తుంది. దాంతో నడిపే చోటు మధ్యలో, చుట్టూ ఖాళీ ఉండే సెంటర్ కన్సోల్ బోట్ల వైపు మళ్లాం.

రెండోది 21 అడుగులది, ధర బాగుంది. కొనేముందు బోటును పరీక్షించే సర్వేయర్‌కు ఫీజు ఎందుకని ఒక స్నేహితుడు గొణిగాడు. ఏనుగును కొంటూ అంకుశం దగ్గర బేరమా అన్నాను. సర్వేయర్ వచ్చి, ఇంజన్ బిగించే వెనుక పలకను చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఠంగుమంది, పక్కనే మొద్దుగా మోగింది. లోపలి చెక్క నానిపోయిందట. ఫీజు పోయింది, బోటూ పోయింది. ఆ ఫీజుకు నేను ఈనాటికీ బాధపడలేదు.

మూడోది 2006 నాటి 22 అడుగుల బోటు, వెనుక 150 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్. బోటు బాడీ గుర్తింపు నంబరులోని చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం చెబుతాయి, అది కాగితాలతో సరిపోయింది. నాలుగు సిలిండర్లలో ఒత్తిడి దాదాపు సమానం, అది మంచి గుర్తు. గేర్ల నూనె పాలలా తెల్లబడలేదు, అంటే నీరు చేరలేదు. లోపమల్లా నిచ్చెనే. నీటిలోకి ఒక్క మెట్టే దిగుతుంది. అలసిపోయి, వీపున ట్యాంకుతో, అలల్లో ఊగుతూ పైకి ఎక్కాల్సిన మనిషికి అది చాలదు. ఆ సాకుతో ధర తగ్గించుకుని, మిగిలిన డబ్బుతో నీటిలోకి మూడు మెట్లు దిగే గట్టి నిచ్చెన బిగించుకున్నాం. ఇప్పుడు ఎవరి బోటు చూసినా నా కళ్లు ముందు నిచ్చెన మీదికే పోతాయి.

కాగితాల పని సులువే: రాష్ట్రానికి 6 శాతం అమ్మకపు పన్ను, 30 రోజుల్లో రిజిస్ట్రేషన్. 1988 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు ఫ్లోరిడాలో ఇలాంటి బోటు నడపాలంటే భద్రతా కోర్సు చదివి, పరీక్ష పాసై కార్డు పొందాలి. నేను 1985 వాడిని. ఓనమాలు రాకపోయినా చట్టం నన్ను పండితుడిగానే లెక్కగట్టింది! సిగ్గుపడి నేనూ రాశాను.

మొదటి ప్రయాణం కీ లార్గో దీవి దగ్గరి మొలాసిస్ రీఫ్ అనే పగడపు దిబ్బకు. పగడాల మీద లంగరు వేయకూడదు కాబట్టి బోట్లు కట్టుకునేందుకు నీటిపై తేలే, నీలి గీత ఉన్న తెల్లని బోయాకు తాడు కట్టాం. కింద డైవర్లు ఉన్నారని చెప్పే, తెల్ల గీత ఐమూలగా ఉన్న ఎర్ర జెండా ఎగరేశాం. ప్రవాహం ఎప్పుడు ఎటు లాగుతుందో చెప్పలేం గనుక బోటును ఖాళీగా వదలకూడదన్నది మా నియమం: ఇద్దరు దిగితే ఒకరు పైన. ఎవరు ఉండాలో చీటీలు వేశాం. నా పేరే వచ్చింది. వాళ్లిద్దరి బుడగలు చూస్తూ నలభై ఐదు నిమిషాలు కూర్చున్నాను.