నా వైద్యం వెనక ఉన్న పేరు తెలియని రోగులు

నాకు నెత్తురు వాంతులైన రాత్రి మా తమ్ముడు నలుగురు స్నేహితులను వెంటబెట్టుకుని హైదరాబాదు ఆసుపత్రికి వచ్చాడు. రక్తం ఎంత కావాలంటే అంత ఇవ్వడానికి వాళ్లు సిద్ధం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మాత్రం ఒక్క యూనిట్ ఎక్కించి ఆపేశారు. హిమోగ్లోబిన్ ఏడు దాటింది, ప్రస్తుతానికి చాలన్నారు. తమ్ముడికి కోపం ఆగలేదు. "అక్క మొహం చూడండి, సున్నం కొట్టినట్టుంది. మనుషులు ఇస్తామని నిలబడితే ఎక్కించరేంటండీ?" అని గట్టిగా అరిచాడు. స్ట్రెచర్ మీద ఉన్న నాకు ఆ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. నాకూ అదే అనుమానం.

ఆ డాక్టరమ్మ విసుక్కోలేదు. కారిడార్‌లో నిలబడే మా వాళ్లకు వివరంగా చెప్పారు. నా కాలేయం మచ్చలు కట్టి గట్టిపడింది, దీన్నే సిరోసిస్ అంటారు. పేగుల నుంచి వచ్చే రక్తం దాని గుండా సాఫీగా పోవడం లేదు. కాలువకు అడ్డం పడితే గట్టు బలహీనంగా ఉన్నచోట గండి పడినట్టు, ఆ ఒత్తిడంతా అన్నవాహికలోని రక్తనాళాల మీద పడి అవి ఉబ్బి పగిలాయి. ఎండోస్కోపీ చేసి వాటికి రబ్బరు బ్యాండ్లు వేశారు. ఇప్పుడు అవసరానికి మించి రక్తం ఎక్కిస్తే అదే ఒత్తిడి మళ్లీ పెరిగి, ఆగిన రక్తం తిరిగి మొదలు కావచ్చు. ఇది తన సొంత అభిప్రాయం కాదని, స్పెయిన్‌లోని బార్సిలోనాలో చేసిన పరిశోధనలో తేలిందని చెప్పారు.

తమ్ముడు బీఫార్మసీ చదివాడు. ఖమ్మంలో మందుల షాపు నడుపుతాడు. తర్వాత ఆ పరిశోధన వెతికి చదివి నాకు చెప్పాడు. 2013లో అచ్చయింది. జీర్ణకోశంలో రక్తస్రావంతో వచ్చిన 921 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు హిమోగ్లోబిన్ ఏడు కంటే తగ్గితేనే రక్తం, రెండో గుంపుకు తొమ్మిది కంటే తగ్గితే చాలు. ఆరు వారాల తర్వాత, రక్తం ఆచితూచి ఇచ్చిన గుంపులో 95 శాతం మంది, ధారాళంగా ఇచ్చిన గుంపులో 91 శాతం మంది బతికి ఉన్నారు. నాలుగు శాతం తేడా కాగితం మీద చిన్నదే. ఆ నాలుగు శాతంలో నేనూ ఉండొచ్చు. అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. బార్సిలోనాలో కూడా ఎవరో ఒక తమ్ముడు నా తమ్ముడిలాగే కంగారుపడి ఉంటాడు. అయినా ఆ కుటుంబాలు ఒప్పుకున్నాయి. నాకు ఎన్ని యూనిట్లు ఎక్కించాలో వాళ్ల వల్ల తెలిసింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. సిరోసిస్ అనగానే చూడటానికి వచ్చినవాళ్లంతా ముందు మా ఆయన వైపు, తర్వాత నా వైపు చూసేవాళ్లు. తాగుడు అలవాటు లేని ఆడమనిషికి ఈ జబ్బు ఎలా వచ్చిందన్నది వాళ్ల సందేహం. నాకు హెపటైటిస్ బి అనే వైరస్ వల్ల వచ్చింది. పుట్టేటప్పుడు తల్లి నుంచి ఈ వైరస్ సోకితే పది మంది పిల్లల్లో సుమారు తొమ్మిది మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. ఏ బాధా లేకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని తింటుంది. ఇంట్లో అందరికీ పరీక్ష చేయిస్తే అమ్మకూ తమ్ముడికీ పాజిటివ్ వచ్చింది. వాళ్ల కాలేయాలు ఇంకా బాగానే ఉన్నాయి. "నా కడుపున పుట్టడం వల్లే నీకీ గతి పట్టిందా తల్లీ" అని అమ్మ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. ఆమె కాలంలో మన దగ్గర దీనికి టీకా లేదు, పరీక్ష లేదు. ఆమె చేసిన తప్పేముంది?

మా అబ్బాయికి మాత్రం నెగెటివ్. వాడు 1999లో పుట్టాడు. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ కంపెనీ 1997లో హెపటైటిస్ బి టీకాను తక్కువ ధరకు తెచ్చాక మాలాంటి ఇళ్లకు అది అందుబాటులోకి వచ్చింది. ఖమ్మంలో పిల్లల డాక్టరు గారు వాడు పుట్టిన రోజే మొదటి డోసు వేయించారు. నాకు వైరస్ ఉందని అప్పుడు ఎవరికీ తెలియదు. ఆ ఇంజెక్షన్ పడకపోయి ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పుట్టిన 24 గంటల్లో వేయాల్సిన ఆ డోసును ఎవరూ వాయిదా వేయొద్దని ప్రతి గర్భిణికీ చెబుతున్నాను.

రక్తం ఆగిన తర్వాత ఇంకో గండం వచ్చింది. పేగుల్లో మిగిలిన రక్తం అరిగి అమ్మోనియా తయారవుతుంది. దాన్ని శుద్ధి చేసే శక్తి నా కాలేయానికి లేదు. అది మెదడుకెక్కింది. రాత్రంతా మెలకువ, పగలంతా మగత. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే తొంభై మూడు దగ్గర ఆగిపోయాను. ఏళ్లుగా లెక్కలు చెప్పినదాన్ని! చేతులు ముందుకు చాచి మణికట్టు పైకెత్తమంటే అవి వాటంతటవే కిందికి జారిపోయేవి. మా ఆయన్ని చూసి "మీరెవరు?" అన్నానట. అది నాకు గుర్తులేదు. ఆయనకు గుర్తుంది.

దానికి ఇచ్చిన మందు లాక్టులోజ్, తియ్యటి సిరప్. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు మనమే సరిచూసుకోవాలి. ఈ మాట చెప్పుకోవడానికి మొహమాటపడే ఇల్లు మాది. అయినా మా ఆయన గోడ మీది క్యాలెండర్‌లో రోజూ ఆ లెక్క రాసేవారు. తగ్గిందనుకుని మానేయకూడదని చెప్పడానికి కూడా ఒక ఆధారం ఉంది. ఢిల్లీ జి.బి.పంత్ ఆసుపత్రి డాక్టర్లు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకసారి ఇలా మతి తప్పి కోలుకున్నవాళ్లలో లాక్టులోజ్ కొనసాగించిన 61 మందిలో 12 మందికే అది తిరగబెట్టింది. వాడని 64 మందిలో 30 మందికి తిరగబెట్టింది. ఆ 30 మంది మన దేశం వాళ్లే. నాలాగే ఇంట్లో వాళ్లను గుర్తుపట్టలేక అల్లాడి ఉంటారు. ఆ సిరప్ నాకు ఎప్పుడూ మందులా అనిపించదు, వాళ్లు గుర్తొస్తారు.

అన్నిటికంటే పెద్ద యుద్ధం మా వంటింట్లో జరిగింది. కాలేయం జబ్బంటే మన ఇళ్లలో పథ్యం. అమ్మ పప్పు మానేసింది, గుడ్డు మానేసింది, నూనె చుక్క తగలనివ్వలేదు. చప్పిడి చారన్నం, ఇడ్లీ, మజ్జిగ. అంతకుముందు చూపించుకున్న ఒకచోట ఇచ్చిన కాగితంలో కూడా ప్రోటీన్ తగ్గించమనే రాసి ఉంది కాబట్టి అమ్మను తప్పుపట్టలేను. పక్కింటివాళ్లు కామెర్ల పసరు పోయిస్తామన్నారు, మా ఆయన వద్దన్నారు. నా జబ్బలు పుల్లల్లా తయారయ్యాయి. పొట్ట మాత్రం నీరు పట్టి ఉబ్బింది. దాంతో బరువు తగ్గలేదని అందరూ సంబరపడేవాళ్లు.

డైటీషియన్ నా జబ్బ పట్టి చూసి, అమ్మను కూర్చోబెట్టి మాట్లాడింది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలని చెప్పింది. మతి తప్పిన దశలో కూడా ప్రోటీన్ ఆపనక్కర్లేదని 2004లో బార్సిలోనా డాక్టర్లు 30 మందితో చేసిన చిన్న అధ్యయనంలో తేలింది. తగ్గించి ఇచ్చినవాళ్లు త్వరగా కోలుకోలేదు, పైగా వాళ్ల ఒంట్లోని ప్రోటీన్ ఎక్కువ కరిగింది. అమ్మ అన్నీ విని, "మరి ఇన్నాళ్లూ అందరం బిడ్డను మాడ్చామా?" అంది. ఆ మధ్యాహ్నమే ముద్దపప్పు వండింది.

రెండో సంగతి నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. ఆరోగ్యవంతుల కాలేయంలో రాత్రికి సరిపడా చక్కెర నిల్వ ఉంటుంది. నాకు ఉండదు. ఒక్క రాత్రి ఏమీ తినకపోతే, మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తున్నట్టుగా నా ఒళ్లు కండను కరిగించుకుంటుంది. అందుకే పడుకోబోయే ముందు తప్పనిసరిగా తినాలి. న్యూజిలాండ్‌లో 2008లో ప్రచురించిన అధ్యయనంలో 103 మందికి ఒకే రకం పోషకాహారం ఇచ్చారు. సగం మందికి పగలు, సగం మందికి రాత్రి. రాత్రి తిన్నవాళ్లకు సుమారు రెండు కిలోల కండతో సమానమైన ప్రోటీన్ ఒంటికి పట్టి, ఏడాది దాకా నిలిచింది. పగలు తిన్నవాళ్లలో ఆ మార్పు లేదు. తిండి అదే, వేళ మారిందంతే.

అలా రాత్రి పదింటికి మా ఇంట్లో మళ్లీ పొయ్యి వెలగడం మొదలైంది. ఒక రోజు పాలల్లో జొన్నరొట్టె, ఒక రోజు అటుకులు పెరుగు, ఒక రోజు ఉప్మా. కార్తీక సోమవారాల ఉపవాసం మానేయడం నాకు కష్టమనిపించింది. గుడికి మాత్రం మానలేదు. ఉప్పు తగ్గించాలి కాబట్టి ఆవకాయ, అప్పడాలు, వడియాలు పోయాయి. మొదటి ముద్దలో ఆవకాయ లేకుండా అన్నం తినడం మా వైపు మనిషికి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. నిమ్మరసం, కొత్తిమీర, వాము, వెల్లుల్లితో అమ్మ రుచి తెప్పించింది. మన జొన్నలు, కందిపప్పు, పెరుగుతో రాసిన ఆహార పట్టిక ప్రతి సిరోసిస్ రోగికీ డిశ్చార్జి రోజే తెలుగులో చేతిలో పెట్టాలి. బ్రకోలి, ఓట్స్ రాసిన ఇంగ్లీషు కాగితం అమ్మకు ఏం ఉపయోగం?

వైరస్‌కు రోజూ టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటున్నాను. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఇది ఉచితం. సిరోసిస్ వస్తే ఇక వెనక్కి తిరగదని అందరూ అనేవాళ్లు. 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం తమ్ముడు చూపించాడు. సిరోసిస్‌తో మొదలుపెట్టిన 96 మంది ఐదేళ్లు టెనోఫోవిర్ వాడాక మళ్లీ కాలేయం ముక్క తీసి పరీక్షిస్తే, 71 మందిలో సిరోసిస్ లేదు. రెండోసారి బయాప్సీ సూది గుచ్చించుకోవడానికి ఒప్పుకున్నవాళ్లు వాళ్లు. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో నా రీడింగ్ కూడా ఏటా దిగుతోంది. పొట్టలో నీరు పోయింది. బడికి వెళ్తున్నాను, పైఅంతస్తు క్లాసుకు మెట్లెక్కుతున్నాను. క్యాన్సర్ గడ్డ మొదలైతే ముందే కనిపెట్టడానికి ఆరు నెలలకోసారి స్కాన్ మాత్రం జీవితాంతం ఉంటుంది.

మా జిల్లాలో 'ప్రయోగం' అన్న మాటకు మంచి పేరు లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టులో, చాలామంది గిరిజన హాస్టల్ పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. ఆ పిల్లల వయసు మా బడి పిల్లల వయసే. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. కానీ నన్ను నిలబెట్టిన ప్రతి వైద్యం వెనకా తెలిసి ఒప్పుకున్న రోగులున్నారు.

పోయినసారి చెకప్‌లో, సిరోసిస్ వాళ్ల తిండి మీదో కండబలం మీదో అధ్యయనం ఏదైనా మొదలుపెడితే నన్నూ అడగండని డాక్టరు గారికి చెప్పాను. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలని, ఇంటికి తీసుకెళ్లి చదువుకోవడానికి టైమివ్వాలని, మధ్యలో మానుకుంటానన్నా నా వైద్యం ఆగకూడదని అడిగాను. అవన్నీ మీ హక్కులేనమ్మా అన్నారాయన. మా ఆయన తన ఫోన్ నంబరు కూడా రాసుకోమన్నారు.