మావాడి హెలికాప్టర్ గాల్లో నిలిచేదాకా

మావాడి ఎనిమిదో పుట్టినరోజుకి వాళ్ల మేనమామ రిమోట్ హెలికాప్టర్ తెచ్చాడు. జానెడు పొడవుంది, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. పెట్టె విప్పగానే ఎగరేయాలని వాడి ఆత్రం. బ్యాటరీలో కాస్త ఛార్జింగ్ ఉన్నట్టుంది కదా అని నేనూ సరేనన్నాను. రిమోట్‌లో ఆరు పెన్సిల్ సెల్స్ వేసి ఇద్దరం డాబా ఎక్కాం. సాయంత్రం నాలుగు, ఎండ ఇంకా గట్టిగానే ఉంది.

లివర్ పైకి తోస్తే రెక్కలు తిరిగాయి, మూరెడు ఎత్తు లేచింది, అంతలోనే రెక్కలు ఆగి దబ్బున పడిపోయింది. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అంతే. "పాడైపోయిందా నాన్నా?" అని వాడు అడిగినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది.

రాత్రి పెట్టెలోని కాగితం పూర్తిగా చదివాను. ఈ రిమోట్ మన టీవీ రిమోట్ లాగా ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పనిచేస్తుంది. ఎండలో కూడా ఆ కిరణాలుంటాయి కాబట్టి రిమోట్ చెప్పేది హెలికాప్టర్‌కి అందదు. రిమోట్‌కి ఉన్న యాంటెన్నా అలంకారానికే, అసలు పని ముందువైపున్న నల్లటి ప్లాస్టిక్ ముక్క వెనకాల జరుగుతుంది. అంటే ఇది ఇంట్లో ఎగరేసే బొమ్మ.

ఇక ఛార్జింగ్. లోపల ఉన్నది 3.7 వోల్టుల చిన్న లిథియం పాలిమర్ బ్యాటరీ. లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, పరుపు మీద కాకుండా వంటగది గట్టు మీద ఉంచాను. ఇలాంటి బ్యాటరీని ఛార్జింగ్‌లో పెట్టి నిద్రపోకూడదు. నలభై నిమిషాలు పట్టింది. దానికి ఎగిరేది ఆరేడు నిమిషాలే! వాడు ముక్కాలిపీట వేసుకుని కేబుల్ మీది లైటునే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఆదివారం. హాల్లో ఫ్యాను ఆపేశాం, కర్టెన్లు దించాం. హెలికాప్టర్‌ని నేల మీద సమంగా పెట్టి, ముందు దాని స్విచ్, తర్వాత రిమోట్ స్విచ్ వేశాం. ఈసారి లేచింది గానీ, గిర్రున తనచుట్టూ తాను తిరగడం మొదలుపెట్టింది.

దీనికి ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలుంటాయి, ఒకటి అటు తిరిగితే ఇంకొకటి ఇటు. రెండూ సమంగా లాగితేనే ఒళ్లు తిరక్కుండా నిలుస్తుంది. దగ్గరగా పట్టుకుని చూస్తే, కింది రెక్కల ఇరుసుకి పొడుగాటి తల వెంట్రుక ఒకటి దారపుండలా బిగుసుకుని ఉంది. నేల మీద పడ్డప్పుడు చుట్టుకుని ఉంటుంది. మా ఆవిడ ప్లక్కర్ తెచ్చి, ఊపిరి బిగబట్టి ఒక్కో చుట్టూ విప్పింది. నిజానికి ఆ రోజు హెలికాప్టర్‌ని బాగుచేసింది తనే.

తర్వాత కూడా కొంచెం కుడికి తిరుగుతుంటే దాన్ని సరిచేయడానికి రిమోట్ మీదున్న ట్రిమ్ అనే చిన్న మీటని ఎడమకి కొద్దికొద్దిగా జరిపాం. ఇంకో సంగతి, నేలకి బెత్తెడు ఎత్తులో ఇది బాగా తూలుతుంది. రెక్కలు కిందికి తోసిన గాలే నేలకి తగిలి తిరిగొచ్చి కుదుపుతుంది. భయపడి అక్కడే ఉంచకుండా ఒక్క ఊపులో నడుం ఎత్తుకి లేపాలి. అక్కడ కుదురుకుంటుంది.

ఇదంతా చెప్పి రిమోట్ వాడికిచ్చాను. లివర్ మీద బొటనవేలు వణుకుతోంది. హెలికాప్టర్ లేచి, తూలి, వాడి ఛాతీ ఎత్తుకి వెళ్లి అక్కడే నిలబడిపోయింది. రెక్కల గాలికి వాడి చొక్కా అంచు ఎగురుతోంది. ఎవరం మాట్లాడలేదు. లోపలినుంచి మా అమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

కాసేపటికి బలం తగ్గి మెల్లగా దిగింది. వాడు పరుగెత్తి దాని పొట్ట మీద వేలు పెట్టి చూశాడు.

"వేడిగా ఉంది నాన్నా. పావుగంట ఆగి ఛార్జింగ్ పెడదాం" అని కేబుల్ పక్కన పెట్టుకుని గడియారానికి ఎదురుగా కూర్చున్నాడు.