హోంవర్క్ చేసిపెట్టే సీఐఏ

ఆదివారం మావాడితో కలిసి ‘ఏజెంట్ కోడీ బ్యాంక్స్’ చూశా. 2003 నాటి సినిమా. పదిహేనేళ్ల కుర్రాడు, సీఐఏ గూఢచారి. స్కేట్‌బోర్డు మీద వెంటపడి, పసివాడితో దొర్లిపోతున్న కారును ఆపేస్తాడు గానీ, అమ్మాయి ఎదురైతే నోరు పెగలదు! ఫ్రాంకీ మునిజ్ ఆ తడబాటు భలే చేశాడు. కథంటారా, జేమ్స్ బాండ్ పాత చింతకాయ పచ్చడే.

మావాడికి నచ్చింది మాత్రం ఒక్కటే: కోడీకి తీరిక దొరకాలని ఇంటిపనులూ, హోంవర్కూ సీఐఏ వాళ్లే చేసిపెట్టడం. అక్కడ పాజ్ కొట్టి, “నాన్నా, మన దగ్గర ఇలాంటి ఉద్యోగం ఉందా?” అన్నాడు. పక్కనే లెక్కల పుస్తకం, నాలుగో లెక్క దగ్గర పెన్సిల్ అడ్డం పెట్టి పొద్దుట్నుంచీ అలాగే ఉంది.

వంటింట్లోంచి వాళ్లమ్మ, “ముందు ఆ కంచం తీసి సింకులో వెయ్యమనండి మీ గూఢచారిని” అంది.